మొహం లేని సాక్షి

రెండు అంతస్తుల మధ్య లిఫ్ట్ ఆగింది. ఆపింది పెద్దాయనే. సీక్రెట్ సర్వీస్‌లో ఆయనకు ఆఫీసు లేదు, లిఫ్టులే.

"ఉప్పూ, విను."

ఏజెంట్ ఉప్పు విన్నాడు. ఎందులో వేసినా కరిగిపోతాడని ఆ పేరు. ఎక్కువైతే నోట్లో పెట్టుకోలేమన్నది అతని భార్య చేర్పు.

"విదేశీ ముఠా. బట్టల ఫ్యాక్టరీ పేరుతో ఆడవాళ్లను తెచ్చి, పాస్‌పోర్టులు లాక్కుని, బయట తాళం వేసి కుట్టిస్తోంది. ఒక టైలరమ్మ అదంతా ఫోన్లో వీడియో తీసి తప్పించుకుంది. ఇవాళ మానవ హక్కుల కమిషన్ ముందు వేస్తున్నాం."

"మరి నా పనేంటి సార్?"

"వీడియో చివర్లో ఆ పిల్ల కెమెరా తన వైపు తిప్పుకుని మాట్లాడింది. కమిషన్‌కి వెళ్లే కాపీలో మొహం మసక చేస్తారు. ఒరిజినల్లో మాత్రం ఉంటుంది. ముఠాకి కావాల్సింది ఆ మొహమే. తీసిందెవరో తెలిసిందంటే, ఇంకా లోపలే ఉన్న ఆమె చెల్లెలు దక్కదు. బాధితుల వీడియోలు ఎడిట్ చేసే ఒక సంస్థ దగ్గరుంది. నువ్వెళ్లి ఒరిజినల్ తీసుకురా."

పెద్దాయన ఒక స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టాడు. "పిడిలో కెమెరా ఉంది. నొక్కితే బొమ్మ, మాట రెండూ కమిషన్ హాల్లో తెర మీద లైవ్. ఫైల్ ఏ కంప్యూటర్లోంచి తీశావో అంతా షూట్ చెయ్, లేకపోతే కల్పితం అంటారు. టైలరమ్మ మొహం ఫ్రేములో పడకూడదు. అక్కడి ఎడిటర్ మేడమ్ మన మనిషే. పనయ్యాక స్క్రూడ్రైవర్ వాపసు. పోయినసారి గొడుగు ఎగ్గొట్టావు."

ఎడిటింగ్ రూముకి కిటికీల్లేవు. గోడల నిండా ఫోమ్ షీట్లు. లోపలి కేక బయటికి పోదు. ఏసీ మెకానిక్ వేషంలో ఉప్పు లోపలికొచ్చాడు.

"గ్యాస్ నింపాలా అమ్మా?"

"గ్యాస్ ఉంది. చల్లదనమే లేదు."

కోడ్ కుదిరింది. చెప్పినావిడ ఇంకా కుదిరింది. ముత్యాల కమ్మలు, ఎర్ర లిప్‌స్టిక్, చెమటంటే ఏమిటని అడిగేలాంటి మొహం. ఆరేళ్లుగా ఇక్కడ బాధితుల వీడియోలు ఎడిట్ చేస్తోంది. పక్కన స్టూలు మీద టైలరమ్మ. వీడియోలో ఉన్న మనిషి చివరి కాపీ చూసి సరేనంటేనే అది గడప దాటాలని ఆ సంస్థ రూలు.

తలుపు టక్కుమంది. మేడమ్ మేకప్ పౌచ్‌లోంచి లిప్‌స్టిక్కు బదులు పిస్తోలు వచ్చింది.

"ఈ తాళం నా వేలికే తెరుచుకుంటుంది మెకానిక్ గారూ. ఆ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టండి."

ఉప్పు బుద్ధిగా పెట్టాడు. పెడుతూ పిడి నొక్కాడు. కెమెరా కన్ను మేడమ్ వైపు తిరిగి ఉంది.

"తాళం పడ్డ చప్పుడు నాకు కొత్త కాదన్నా," అంది టైలరమ్మ. తర్వాత మేడమ్‌ని అడిగింది. "నా చెల్లి ఎక్కడుంది?"

"ఫ్యాక్టరీ వెనక రంగుల గోడౌన్లో. అందరినీ అక్కడికి మార్చాం. నీ మొహం అటు చేరగానే దాన్ని లారీ ఎక్కిస్తారు."

"రెండు పడవల మీద కాళ్లా మేడమ్?" అన్నాడు ఉప్పు.

"రెండూ తేలుతున్నాయిగా. మీ సర్వీసే మునిగేలా ఉంది."

ఆవిడ ముఠాకి ఫైల్ పంపింది. తెర మీద గీత పూర్తిగా నిండింది. టైలరమ్మ కళ్లు మూసుకుంది. నలుగురు పట్టని ఆ గదిలో గాలి అయిపోయినట్టుంది.

ఫోన్ మోగింది. స్పీకర్లో ముఠా నాయకుడు అరిచాడు. "మొహం పంపమంటే పొగమంచు పంపావేంటి!"

మేడమ్ తెర వైపు చూసింది. వీడియోలో తల ఎటు కదిలితే అటు, నమ్మిన బంటులా మసక వెంటపడుతోంది. పంపే ముందు మొహం కప్పేయడం ఆరేళ్ల పని. చెయ్యి దాని పని అది చేసేసింది.

"అలవాటు," అని గొణిగింది మేడమ్.

చెడ్డ అలవాట్లే అంటుకుంటాయనుకునేవాడు ఉప్పు. మంచివీ అంతేనన్నమాట.

ఆవిడ మసక తీసేసి మళ్లీ పంపింది. గీత సాగుతోంది. మేడమ్ కళ్లు గీత మీద, పిస్తోలు ఉప్పు మీద. టైలరమ్మ మీద ఎవరి కన్నూ లేదు. కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ అరిగిన కాలు బల్ల కిందికి పాకింది. వైర్లన్నీ దిగిన స్విచ్‌బోర్డు బొటనవేలికి తగిలింది. గీత చివరంటా వచ్చింది.

తొక్కింది.

కంప్యూటర్, బల్ల దీపం, అన్నీ పోయాయి. చీకట్లో ఏదో దబ్బున పడింది. ఇంకోసారి పడింది.

దీపం వెలిగేసరికి పిస్తోలు ఉప్పు చేతిలో ఉంది. ఒక ముత్యాల కమ్మ కీబోర్డు మీద ఉంది.

పెద్దాయన ఫోన్ చేశాడు. ఉప్పు స్పీకర్లో పెట్టాడు. "హాలంతా చూసింది. పోలీసులు గోడౌన్‌కి బయల్దేరారు. చీకట్లో పడిందెవరు?"

"ముందు నేను సార్. తర్వాత ఆవిడ."

ఎదురుచూశారు. మళ్లీ మోగేసరికి టైలరమ్మ ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

"అక్కా! తాళం పగలగొట్టేశారే!"

టైలరమ్మ ఫోన్ని గుండెకు ఆనించుకుని ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, "ఇందాక పంపిన మసక కాపీకి నేను సరేనన్నా, కమిషన్ ముందు వేసుకోండి," అంది.

మేడమ్‌కి అప్పుడు అనుమానమొచ్చింది. "హాలంతా చూసిందా? నా మొహంతోనా? బ్లర్ చెయ్యకుండానా?"

"అది ముందే చెప్పాలి మేడమ్," అంది టైలరమ్మ. "రూలు మీదేగా."

ఉప్పు స్క్రూడ్రైవర్ని ఇంకాస్త పక్కకి జరిపాడు. ఆవిడకి వెలుతురు అటునుంచి బాగుంది.