దేనితో పోలిస్తే?

చంద్రుడి దక్షిణ ధ్రువకేంద్రంలో ఎవరూ గొంతు పెంచి మాట్లాడేవారు కాదు. సమస్వరి వచ్చాక ఆ అవసరమే లేకపోయింది. ఎంత దూరం నుంచి ఎంత బలహీనంగా వచ్చిన సంకేతాన్నైనా ఆ యంత్రం రొద వడగట్టి, పెంచి, పక్క కుర్చీలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించేది. దాన్ని తయారుచేసిన వాళ్లలో వనజాక్షి ఒకతె.

చంద్రుడి ఆవలి వైపున, రేడియో టెలిస్కోపు దగ్గర ఇమ్మానియేలు ఒక్కడే ఉండేవాడు. రోజూ ఉపగ్రహం మీదుగా పలకరించేవాడు.

"భోంచేశారా వనజాక్షి గారూ? నా మాట వినబడతందా అండి?"

"ఆఁ, బాగానే వినబడుతోంది."

అంతే. ఆమెకు పనుండేది.

కొత్త యాంటెన్నా బిగించేటప్పుడు ఆమె సమస్వరిని అడిగింది. "ఇమ్మానియేలు గారి సంకేత స్థాయి ఎంత?"

"మైనస్ ఒక డెసిబెల్."

వనజాక్షికి చిరాకేసింది. డెసిబెల్ అంటే నిష్పత్తి. రెండు స్థాయిల మధ్య తేడా చెబుతుందే తప్ప, ఒట్టి డెసిబెల్ స్థాయి కాదు.

"దేనితో పోలిస్తే?"

"నిన్నటితో."

"నిన్న ఎంత?"

"మొన్నటితో పోలిస్తే మైనస్ ఒకటి."

"అలా కాదు. ఒక మిల్లీవాట్‌తో పోల్చి, డీబీఎంలో చెప్పు."

"నెల కిందట మైనస్ ఎనభై డీబీఎం. ఈ రోజు మైనస్ నూట పది."

ముప్ఫై డెసిబెల్స్ పడిపోవడమంటే బలం వెయ్యో వంతుకు దిగిపోవడం. ఇంకొక్క డెసిబెల్ తగ్గితే ఉపగ్రహమే ఆ సంకేతాన్ని అందుకోలేదు, ఇక సమస్వరికీ ఏమీ చేరదు. తగ్గింది రోజుకొక్కటే కనక యంత్రం హెచ్చరించలేదు. గొంతేమో రోజూ ఒకేలా వినబడింది.

"ఇమ్మానియేలు గారూ, మీ ట్రాన్స్‌మిటర్ పాడవుతోందండీ!"

"పాడవలేదండి. నేనే తగ్గిస్తన్నాను."

"మీరా? ఎందుకు?"

"ఎవరన్నా గమనిస్తారేమో చూద్దామని. మీరు రోజూ బాగానే వినబడతందనేవారు. రేపటికి ఎలాగూ వినబడను కదా, ఇక పిలవడం మానేద్దామనుకున్నానండి."

వనజాక్షి సమస్వరిని ఆపేసింది. ఒక్కసారిగా చెవుల నిండా హోరు. ఇయర్‌ఫోన్లను రెండు చేతులతో అదిమిపట్టి కళ్లు మూసుకుంటే గాని ఆ గొంతు దొరకలేదు.

"ఇప్పుడెలా వినబడతన్నానండి?"

"చాలా దూరంగా," అందామె. "సగం మాటలు అందడం లేదు."

"హమ్మయ్య," అన్నాడు ఇమ్మానియేలు. "కాసేపు ఇలాగే మాట్లాడండి. తరవాత పెంచుతాను."