2ఎ కిటికీ సీటు, నాలుగు మజిలీలు

తాను విమానంలో ఉండగా పాపకు జ్వరం వస్తుందని, ఆ కబురు నేల మీద కాలు పెట్టేదాకా తనకు అందదని లవీనా భయం. మిగతా భయాలన్నీ దాని తర్వాతే.

కెజియాకు మూడేళ్లు. ఆగస్టులో ఒకసారి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చింది. పిల్ల కళ్లు తేలేసిన ఆ రెండు నిమిషాలూ లవీనా పక్కనే ఉంది, ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ వేసింది. పక్కన లేకపోతే ఏమయ్యేదో అన్న ఆలోచన ఆ రోజు నుంచి ఆమెను వదల్లేదు. అయినా గోపినాథ్ పిలిచినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ వెళ్లింది. అతని మనుషుల్లో తనూ ఒకతె, డిపార్ట్‌మెంట్ పిలిస్తే వెళ్లాల్సిందే.

బాంబూఫ్లాట్‌లో గోపినాథ్‌కు వలలమ్మే కొట్టు ఉంది. వలల వెనక ఒక చిన్న గది, గదిలో ఒక మ్యాపు, రెండు కుర్చీలు. ద్వీపాల మీద గూఢచారి పని అంతా ఆ రెండు కుర్చీల్లోంచే నడుస్తుంది.

"ఏటమ్మా, విమానం ఎక్కుతావేటి?" అన్నాడు గోపినాథ్.

"నాలుగేళ్లు ఎక్కాను కదా భయ్యా, చీపురు పట్టుకుని."

అది నిజమే. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయాక లవీనా పోర్ట్ బ్లెయిర్ ఎయిర్‌పోర్టులో విమానాల క్యాబిన్లు శుభ్రం చేసేది.

"ఈపాలి బిజినెస్ క్లాస్. విదేశీ ఎయిర్‌లైన్ ఒకటి కొత్త రూటు పెట్టింది. ఇస్తాంబుల్‌లో మొదలై మస్కట్, కొలంబో, కౌలాలంపూర్ మీదుగా ఇక్కడికి. ఒకటే విమానం. మొదటి ట్రిప్పుకి సీట్లూ సర్వీసూ రివ్యూ చేసేవోళ్లని ఎక్కిస్తన్నారు. దార్లో ఎక్కడో ఆ క్యాబిన్‌లోకి ఒక డివైస్ ఎక్కుద్ది. విమానం ఇక్కడ నలభై నిమిషాలు ఆగుద్ది. రన్‌వే పక్కనే నేవీ రేడియోలు. అవన్నీ విని, మింగి, మళ్లీ ఎగిరిపోద్ది. పక్క దేశపోళ్ల ముఠా పని."

"పెద్ద పెద్ద ఆఫీసర్లు లేరా?"

"ఉన్నారు. సీటు కింద చెయ్యెట్టి, ఏది కంపెనీదో ఏది కాదో చెప్పగలిగినోళ్లు నేరు. బస్, అదే నీ క్వాలిఫికేషన్."

నెల రోజుల ట్రైనింగ్. లవీనా కాస్తా ఢిల్లీ శ్రీమంతురాలు మిసెస్ లీనా ఖన్నా అయింది. ద్వీపం హిందీకి ఢిల్లీ పూత పూశారు. ఫోర్కు ఏ చేత్తో పట్టాలో, సెంటు ఎక్కడ రాసుకోవాలో నేర్పారు. ఇంగ్లీషు రాదు కాబట్టి వాయిస్ నోట్లు పంపితే ఆఫీసులో కూర్చున్నవాళ్లు రివ్యూ రాసి పోస్ట్ చేస్తారు. లిప్‌స్టిక్‌లో కెమెరా అమర్చారు. సీట్లు కొలిచే స్టీల్ టేపు డబ్బాలో, మాటలు రికార్డు చేసి విమానం నేలకు దగ్గరవగానే గోపినాథ్‌కు పంపే యంత్రం పెట్టారు.

"విమానంలో మన మనిషి ఇంకొకరుంటారు," అన్నాడు గోపినాథ్ చివరగా. "నీ గురించి వాళ్లకి చెప్పను, వాళ్ల గురించి నీకు చెప్పను. ‘దుప్పటి చిన్నదయింది’ అని అంటే మనోళ్లే. ‘కాళ్లకి చాలట్లేదు’ అని నువ్వనాల."

కెజియాను అత్తగారు మేరికి అప్పజెప్పింది. భర్త స్టీవెన్ దీవుల మధ్య తిరిగే షిప్ మీద డ్యూటీలో ఉన్నాడు. అతనికి చెప్పింది ఒక్కటే: మెయిన్‌ల్యాండ్‌లో హౌస్‌కీపింగ్ ట్రైనింగ్.

ఇస్తాంబుల్ నుంచి మస్కట్ దాకా లవీనా వాయిస్ నోటు: "టవల్ వేడిగా ఉంది, ఇచ్చిన మనిషి చల్లగా ఉంది. సీటు మెత్త పలచన." మస్కట్ నుంచి కొలంబో: "చికెన్ పర్వాలేదు, బ్రెడ్డు రాయి. టాయిలెట్లో అద్దం మీద వేలిముద్రలు, గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేవి, ఎవరూ తుడవలేదు." కొలంబో నుంచి కౌలాలంపూర్: "సీటు పూర్తిగా పడుకుంటుంది, పక్కవాళ్ల గురక కూడా పూర్తిగా వినిపిస్తుంది." ప్రతి మజిలీలోనూ టేపు తీసి క్యాబిన్‌లోని ఎనిమిది సీట్లూ కొలిచింది. రివ్యూ చేసేవాళ్లు కొలుస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎక్కడా తేడా కనిపించలేదు.

కౌలాలంపూర్‌లో అందరినీ గంటసేపు దింపి మళ్లీ ఎక్కించారు. ఆదివారం పొద్దున్న. లవీనా 2ఎ కిటికీ సీట్లో కూర్చుంటుండగా ఫోన్‌లో అత్తగారి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"పాపకి ఒళ్లు కొంచెం వెచ్చగుందమ్మా. దంతాలొస్తన్నాయేమో. కంగారు పడమాక."

మూడేళ్ల పిల్లకు దంతాలేమిటి? తిరిగి ఫోన్ చేసేలోపు తలుపు మూశారు. కాళ్లు చాపుకోబోతే బొటనవేళ్లు గోడకు తగిలాయి. కొలంబో నుంచి వచ్చేటప్పుడు ఇంత ఇరుకు లేదు. దుప్పటి కింద టేపు పెట్టి చూసింది. కాళ్లు చాపుకునే గూడు లోతు అప్పుడు అరవై రెండు సెంటీమీటర్లు, ఇప్పుడు యాభై నాలుగు. గూటి చివర బిగించిన అట్ట కొత్తది, అంచున దుమ్ము లేదు.

డివైస్ తన సీట్లోనే ఉంది.

ఇంతలో టిఫిన్ ట్రే వచ్చింది. ఆమ్లెట్, బ్రెడ్డు, పళ్ల ముక్కలు, టమాటా జ్యూసు. ఒకపక్క డివైస్, ఒకపక్క పాప. లవీనా మనసు మనసులో లేదు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచేసరికి నడవకు అవతలి సీట్లోని ఆమె తనవైపే చూస్తోంది.

ఆమె పేరు కళ. విమానాల రివ్యూల లోకంలో ఆమెను ఎరగనివాళ్లు లేరు. నల్ల సిల్కు, ముత్యాల దుద్దులు, నడిస్తే తల తిప్పని స్టీవార్డు ఉండడు. ఇస్తాంబుల్ నుంచి లవీనాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు లేచి వచ్చి, ఖాళీగా ఉన్న 2బి సీట్లో కూర్చుంది.

"దుప్పటి చిన్నదయింది కదా?" అంది, చక్కటి తెలుగులో.

లవీనాకు ప్రాణం లేచొచ్చింది. "కాళ్లకి చాలట్లేదు దీదీ," అని గొంతు తగ్గించి మొత్తం చెప్పేసింది: అరవై రెండు, యాభై నాలుగు, దుమ్ము లేని అట్ట.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"ఫోనివ్వు. సిబ్బంది వైఫై నాకు ఇచ్చారు, నేను మెసేజ్ పెడతాను."

లవీనా ఇచ్చింది. కళ ఆ ఫోన్ ఆఫ్ చేసి తన సంచిలో వేసుకుని జిప్పు లాగింది.

"ఇక ఎవరికీ చెప్పకు, లవీనా."

లవీనా సంచి మీంచి చూపు తిప్పింది. "నా పేరు ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఢిల్లీ మిసెస్ ఖన్నా ఆమ్లెట్ ముందు చున్నీ తల మీదకి లాక్కుని కళ్లు మూసుకుంటుందా? గోపినాథ్ మనుషులు ఏడుగురు. అందులో తెలుగు చర్చికి వెళ్లే ఆడది ఒక్కతే. బతు బస్తీలో ఉండే మేరి కోడలు."

లవీనా చెయ్యి తల మీదకు వెళ్లింది. చున్నీ ఇంకా అక్కడే ఉంది. నెల రోజుల ట్రైనింగ్‌లో అన్నీ మాన్పించారు గానీ దీన్ని మాన్పించాలని ఎవరికీ తోచలేదు. గోపినాథ్ ఇంట్లో తినేముందు ప్రార్థన చేసే అలవాటు లేదు. లవీనాకు అది అలవాటని కూడా తెలియదు. కంచం ముందుకొస్తే చెయ్యి దానంతట అదే పైట వెతుక్కుంటుంది.

"జీతం డిపార్ట్‌మెంట్‌ది, పని వాళ్లదా?" అంది.

"పెద్ద మాటలెందుకు? పళ్లు తిను." కళ కాళ్లు చాపి దారికి అడ్డం పెట్టింది. ఒక పక్క కిటికీ, ఒక పక్క కళ. చేతిలో బంగారు రంగు పెన్ను, దాని ములుకు సిరా రాసే ములుకు కాదు. "దిగాక నవ్వుతూ వెళ్లిపో. సర్వీసు బాగుందని రాయించు. నోరు విప్పావో, ఆ డివైస్ నీ సీట్లో దొరుకుతుంది, నీ వేలిముద్రలతో. ఇంకా..." తన ఫోన్ తెరిచి చూపించింది. "ఇది ఇప్పుడే వచ్చింది. మా మనిషి అక్కడే నిలబడ్డాడు. నీ పాప లోపలుంది."

నీలం గేటు. నీళ్ల డ్రమ్ములు. లవీనా ఇల్లే. ముందు గేటు చూసింది, తర్వాత గొలుసు చూసింది, ఆ తర్వాత తాళం చూసింది.

తాళం వీధి వైపు వేలాడుతోంది.

ఇంట్లో మనిషి ఉంటే అత్తమ్మ గొలుసు చుట్టి ఊరుకుంటుంది. తాళం బయట పడిందంటే ఇల్లు ఖాళీ. హోటళ్లలో బతికే కళలాంటి మనిషికి ఆ తాళం ఏం చెబుతుందో తెలియదు. ఆదివారం, ఇంటి దగ్గర టైము తొమ్మిదింపావు. తెలుగు ఆరాధన తొమ్మిదికి మొదలవుతుంది, పాస్టరుగారు పన్నెండు దాటితే గానీ వదలరు. తుఫాను రోజున కూడా గొడుగేసుకుని వెళ్లిన మనిషి మేరి.

కానీ పాప ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు చర్చికి తీసుకెళ్తుందా? లేకపోతే ఆస్పత్రికా?

చర్చో ఆస్పత్రో, ఆ గేటు దగ్గర నిలబడ్డవాడి చేతిలో మాత్రం తన బిడ్డ లేదు. లవీనా అంతవరకే ఆలోచించి, మిగతా ఆలోచనను గట్టిగా అదిమిపెట్టింది.

"దిగగానే స్కానర్లో పట్టేస్తారు దాన్ని," అంది, గొంతు వణికిస్తూ. వణికించడానికి పెద్దగా కష్టపడలేదు.

కళ నవ్వింది. "బ్యాటరీ ఉంటే కదా పట్టేది! సీటు కరెంటే దాని తిండి. చక్రం నేల మీద పడగానే మేలుకుంటుంది."

ఒళ్లో టేపు డబ్బా ప్రతి మాటా వింటోంది.

విమానం దిగడం మొదలుపెట్టింది. కిటికీలోంచి పచ్చటి దీవులు, వాటి చుట్టూ తెల్లటి నురగ గీత. అదిగో బాంబూఫ్లాట్ జెట్టీ, అదిగో ఫెర్రీ. కింద ఎక్కడో ఆ ఇళ్ల గుంపులో తన పిల్ల. మూడు వేళ్ల మందం అద్దానికి అవతల అంతా ఉంది, ఇవతల గుక్క తిప్పుకునే చోటు లేదు.

లవీనా ట్రే మీది టమాటా జ్యూసు గ్లాసు అందుకోబోయి జారవిడిచింది. సీటంతా ఎర్రగా పారింది.

అటెండెంట్ పరుగున వచ్చింది. "అయ్యో మేడమ్! ఈ సీటుకి పవర్ ఆఫ్ చేయాలి..."

"ల్యాండింగ్ అవుతోంది కదా, నువ్వెళ్లి కూర్చో డార్లింగ్," అంది కళ తేనె గొంతుతో. "నా ఫ్రెండే, నేను చూసుకుంటాను."

సీటు బెల్టు గంట మోగింది. అటెండెంట్ టవళ్లు ఇచ్చి వెళ్లిపోయింది. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. కింద చెట్ల కొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

కళ మోకాలి మీద పడ్డ ఎర్ర చుక్క చూసుకుంది. ఒక టవల్ తీసి లవీనా మొహాన పడేసింది.

"తుడువు. అలవాటైన పనేగా."

"తుడుస్తాను దీదీ," అంది లవీనా.

బెల్టు వదులు చేసి వంగింది. నాలుగేళ్ల పాటు రోజుకు ఆరు విమానాలు తుడిచిన చెయ్యి అది. సీటు కాలి వెనక, వేలికొనంత ఎర్రమీట ఒకటి ఉంటుంది. తడిసిన సీటుకు కరెంటు ఆపడానికి. ప్రయాణికుడికి కనపడదు. రివ్యూ రాసేవాళ్లకు ముప్పై లక్షల మంది ఫాలోవర్లున్నా కనపడదు. తుడిచేవాళ్లకే తెలుసు. జ్యూసులో వేళ్లు జారుతున్నాయి. ఒక బోల్టు, ఒక వైరు, మళ్లీ బోల్టు.

"ఎంతసేపు?" కళ గొంతు మారింది.

రన్‌వే గీతలు కిటికీలోకి వచ్చేశాయి.

మీట దొరికింది. కింద చక్రాలు నేలను గుద్దుకున్న క్షణానికి, పైన 2ఎ సీటు దీపం టప్పున ఆరిపోయింది.

కళ చూసింది. అర్థమైంది. పెన్ను ఎత్తి పొడిచింది. లవీనా చేతికందిన టేపు డబ్బా అడ్డం పెట్టింది. ములుకు స్టీలు మీద ఖంగుమని విరిగి, విషం చుక్క తివాచీ మీద పొగలు కక్కింది.

"తివాచీ పాడు చేశారు దీదీ," అంది లవీనా రొప్పుతూ. "దీనికి ఒక స్టార్ తగ్గించాలి."

తలుపు తెరుచుకోగానే యూనిఫాం వేసుకున్న వీల్‌చైర్ మనిషి నేరుగా రెండో వరసకు వచ్చాడు. గోపినాథ్. "రండి మేడమ్, నడవలేరు కదా," అని కళను కూర్చోబెట్టి, దుప్పటి కింద బేడీలు వేశాడు. ముత్యాల దుద్దులు చెదరకుండా ఆమె వెళ్లిపోయింది. అట్ట వెనక నుంచి తీసిన డివైస్ అగ్గిపెట్టెంత ఉంది. అది ఒక్క మాట కూడా వినలేదు.

లవీనా తలుపు వైపు పరుగెత్తబోతే ఇద్దరు ఆపి, వెనక మెట్ల మీదుగా కిటికీ లేని గదిలోకి తీసుకెళ్లారు. బయటినుంచి గడియ పడింది. టేబుల్, కుర్చీ, టీ గ్లాసు. కళ సంచిలోని ఫోన్ సాక్ష్యం కిందకు పోయింది.

గంట తర్వాత గోపినాథ్ వచ్చాడు. "శభాష్ బేటీ. రెండు రోజులు ఇక్కడే. అడిగినవన్నీ చెప్పాల. అప్పటిదాకా బయటికి ఒక్క మాట పోకూడదు. రూలు."

"మా పాప?"

"గేటు కాడ నిలబడ్డోడు దొరికాడు. ఇల్లు తాళం. సేఫ్."

"తాళమని నాకు తెలుసు భయ్యా. పాప చర్చిలో ఉందా, ఆస్పత్రిలో ఉందా? జ్వరం తగ్గిందా?"

గోపినాథ్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఠాలోనివాళ్ల పేర్లు, రేడియో నంబర్లు, పెన్నులోని విషం పేరు, అన్నీ ఉన్నాయి.

"జ్వరం సంగతి రిపోర్టులో నేదమ్మా," అన్నాడు, తల దించుకుని.

తలుపు మళ్లీ పడింది.

రికార్డుల ప్రకారం లవీనా అనే ఏజెంటు లేదు, కాబట్టి ఆమెకు పిల్ల కూడా లేదు, ఆ పిల్లకు జ్వరమూ రాకూడదు. డిపార్ట్‌మెంట్ తరఫున ఎవరూ వెళ్లి చూడరు. అందుకే మిమ్మల్ని అడగడం. బతు బస్తీ వైపు మీకేదైనా పని ఉంటే, నీలం గేటు, నీళ్ల డ్రమ్ములున్న ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగండి. తాళం తీసి ఉంటే మేరి గారిని పిలవండి. కెజియా నుదుటి మీద చెయ్యి వేసి చూడండి, అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. వెచ్చగా ఉంటే తడిగుడ్డ వేయమని చెప్పి, కాసేపు పక్కనే కూర్చోండి.