ఆయుధం ఎంచుకునే హక్కు

తొండియార్‌పేటలో అమ్ములు వాళ్ళ మేడగదిలో స్నేహితులంతా ప్రతి ఆదివారం సాయంత్రం కత్తులు దూసుకునేవాళ్ళు. కంగారు పడకండి, అన్నీ వేలెడంత కత్తులే. అమ్ములు అన్న కోటి వ్యాసర్పాడిలో లేత్ పని చేసేవాడు. మిగిలిపోయిన ఇనప ముక్కలతో కత్తి, బల్లెం, బాకు తయారుచేసి రేకు పెట్టెలో దాచేవాడు. పాళెగాళ్ల కాలం నాటి కథతో ఆడే ఆట అది. తలా ఒక పాత్ర. పాచికలు వేయడం సులువే, మర్యాదలు పాటించడంలోనే అందరికీ తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ మర్యాదలన్నీ కోటి ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసిపెట్టాడు. ద్వంద్వయుద్ధానికి పిలిచినవాడు ఎదుటివాడి ముందు తాంబూలం పళ్ళెం పెట్టాలి. ఆయుధం ఎంచుకునే హక్కు ఎదుటివాడిది. వాడు ఏది ఎంచుకుంటే ఇద్దరూ దానితోనే పోరాడాలి. పిలిచినవాడు వెనక్కి తగ్గితే, అతనికి తోడుగా నిలిచిన మనిషి ఆ ఆయుధం పట్టాలి. అన్నిటికంటే గట్టి నియమం, ఆడేటప్పుడు ఎవరినీ అసలు పేరుతో పిలవకూడదు.

ఏడు నెలల కిందట ఆటలో కోటి స్నేహితుడు ఫణీంద్ర, అతని పాత్ర అయిన వీరమనాయుణ్ణి యుద్ధానికి పిలిచాడు. "ఏ ఆయుధమో వచ్చే వారం చెప్తా రా" అని నవ్వి, కోటి ఫణీంద్ర బైకు తీసుకుని తిరువొత్తియూరు బయల్దేరాడు. మెట్ల దగ్గర ఆగి ఒక్క మాట అడిగాడు.

"బ్రేకులు బాగుండాయా?"

"బాగున్నాయి, వెళ్ళు" అన్నాడు ఫణీంద్ర.

ముందు బ్రేకు రెండ్రోజులుగా పట్టడం లేదని అతనికి తెలుసు. కోటి తిరిగి రాలేదు. కంటైనర్ లారీ కింద బండి తుక్కు తుక్కయింది. తాళం దొరకనేలేదు. ఆ అబద్ధం సంగతి ఫణీంద్ర తన భార్య సునయనకి కూడా చెప్పలేదు. అప్పటినుంచి అతనికి కంటి మీద కునుకు లేదు.

ఈ ఆదివారం అమ్ములే ఫోన్ చేసింది. "మా అన్న ఆట సగంలో ఆగిపోయి ఉండాది. ముగించేద్దాం, సెరియా అన్నా?" అంది. కాదనలేక ఫణీంద్ర సునయనతో కలిసి వచ్చాడు.

ఖాళీ కుర్చీ ముందు తాంబూలం పళ్ళెం పెట్టాడు. మూడుసార్లు పిలిచినా ఎదుటివాడు పలకకపోతే గెలుపు పిలిచినవాడిదే. అంతటితో ఆట అయిపోతుంది. తోడుగా సునయన పక్కన కూర్చుంది.

బయట తుఫాను వాన. ఆరింటికే చీకటి పడింది, కరెంటు పోయింది. అమ్ములు కొవ్వొత్తి వెలిగించింది. తడి గోడల వాసన, తమలపాకుల వాసన.

'వీరమనాయుడా' అని పిలవాలి. ఆ కుర్చీ వైపు చూసేసరికి ఫణీంద్రకి ఏమయిందో, అసలు పేరు వచ్చేసింది.

"కోటీ..."

అమ్ములు ఉలిక్కిపడింది. "అన్నా! ఆ పేరు వద్దు..."

అతను ఆగలేదు. ఏడు నెలలుగా లోపల కుక్కుకున్న పేరు అది.

"కోటీ... కోటీ..."

కుర్చీ కిర్రుమంది.

గదిలోకి పెట్రోలు వాసన వచ్చింది. మొదట సన్నగా. తర్వాత ఊపిరాడనంతగా.

"ఈడే ఉండాను రా..."

గుసగుస. ఏ మూలనుంచో తెలియలేదు. పళ్ళెంలో ఠంగుమని ఏదో పడింది. అమ్ములు కొవ్వొత్తి దగ్గరికి జరిపింది.

తమలపాకుల మీద బండి తాళం. సునయన అన్నవరంలో కొన్న ఇత్తడి బిళ్ళతో సహా.

"ఆయుధం ఎంచుకున్నాడు..." అంది అమ్ములు.

ఇప్పుడైనా నిజం చెప్పేయాలి. చెప్పేస్తే అయిపోతుంది. ఫణీంద్ర లేచాడు. కానీ అడుగు వెనక్కి పడింది. ఇంకో అడుగు... వీపుకి గోడ తగిలింది. పిలిచినవాడు తగ్గితే తోడున్న మనిషి ఆయుధం పట్టాలన్న నియమం అప్పుడు గుర్తొచ్చింది.

"సునయనా! ముట్టుకోకు!"

ఆమె అప్పటికే తాళం తీసుకుంది. నెమ్మదిగా అతనివైపు తిరిగింది. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి. మూడేళ్ళ కాపురంలో 'ఏవండీ' అనకుండా అతన్ని పలకరించింది లేదు.

"బ్రేకులు బాగుండాయా?" అని అడిగింది.

ఫణీంద్ర గోడకి ఇంకా గట్టిగా ఆనుకున్నాడు.

కింద వాకిట్లో, ఎప్పుడో పాత ఇనుముకి అమ్మేసిన బండి స్టార్టయింది. తాళం ఇంకా సునయన చేతిలోనే ఉంది.