బయటి గడియ

పొద్దుటినుంచీ ముసురు పట్టింది. మధ్యాహ్నమే అయినా ఇంట్లో మసక చీకటి. కరెంటు పోయి చాలాసేపైంది. ముందు గదిలో కిటికీ దగ్గర బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని ఆయన గడియారాలు బాగుచేస్తున్నాడు. లోపలి గదిలో పాప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

ఆమె పాపని కన్నతల్లి కాదు, పిన్ని. ఈ ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అయినా కుట్టుపని పక్కన పడేసి, మంచం దగ్గరనుంచి కదలకుండా కూర్చుంది. డాక్టరిచ్చిన మందు వేసింది. తడిగుడ్డ వేడెక్కినప్పుడల్లా మారుస్తోంది.

"ఏవండీ, ఇంకా తగ్గలేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామా?"

"జ్వరమేగా. అదే తగ్గుతుంది," అన్నాడాయన తలెత్తకుండానే. "ఊరికే హైరానా పడకు."

ఆమె గిన్నెలో నీళ్ళు మార్చడానికి వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాప నుదుటిమీద గుడ్డ అప్పుడే పిండి వేసినట్టు చల్లగా, మడతలు తీరుగా పెట్టి ఉంది.

"గుడ్డ మీరు మార్చారా?"

"నేను ఇక్కడినుంచి లేస్తేగా."

ఆమె గిన్నె స్టూలు మీద పెట్టింది. గదిలో వాసన మారింది. ఎన్నాళ్ళుగానో తలుపులు తీయని గదిలో, జబ్బుమనిషి ఒక్కతే పడి ఉన్న వాసన...

పాప కళ్ళు తెరిచింది. పిన్నిని కాదు, ఆమె భుజం పక్కన ఖాళీగా ఉన్న చోటుని చూసింది.

"అమ్మ వచ్చింది పిన్నీ."

ఆమె పాప మీదికి వంగింది. "ఏ అమ్మ తల్లీ?"

"మా అమ్మ. దాహమట. తనకి జ్వరమొచ్చిన రోజు నాన్న బయట గడియ పెట్టి వెళ్ళిపోయాడట. అరిచి అరిచి గొంతు పోయిందట."

ఆయన మొదటి భార్య ఆసుపత్రిలో పోయిందనే ఆమెకి చెప్పారు. ఆమె మెల్లగా తలుపుకేసి చూసింది. పడకగదికి బయటివైపు గడియ ఎందుకని కొత్తలో ఒకసారి అడిగితే, ఆయన చాలారోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు.

"నాన్నని లోపలికి పిలవమంటోంది. నాన్న వస్తే నా జ్వరం తీసేస్తుందట... మండిపోతోంది పిన్నీ..."

పాప కళ్ళు తేలేసింది. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయింది. ఇక ఆమె ఆలోచించలేదు. దుప్పటితో సహా పాపని ఎత్తుకుంది.

"ఏవండీ... ఒక్కసారి రండి."

ఆయన గొణుక్కుంటూ లేచి వచ్చాడు. ఆయన గదిలో అడుగుపెట్టగానే, ఆమె పక్కనుంచి తప్పుకుని బయటికి వచ్చేసింది. వెనకాల తలుపు మూసుకుంది. గాలి లేదు. బయటి గడియ తనంతట తనే... నెమ్మదిగా... జరిగి పడింది.

"ఏంటీ వేళాకోళం? తలుపు తియ్యి."

తర్వాతి మాటలు ఆమెతో కావు. లోపల ఇంకెవరితోనో, గుసగుసగా.

"నువ్వా... వద్దామనే అనుకున్నాను... నిజం... పొద్దున్నే వద్దామని..."

తలుపు మీద గోళ్ళతో గీరిన చప్పుడు. "నీళ్ళు... గుక్కెడు నీళ్ళు..."

భుజం మీద పాప ఒళ్ళు చల్లబడుతోంది. లోపల ఆయన గొంతు ఎండిపోతోంది. ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. లాగితే వచ్చేదే. ఆమె లాగలేదు.

"జ్వరమేగా," అంది తలుపుకి నోరు దగ్గరగా పెట్టి. "అదే తగ్గుతుంది."

గీరడం ఆగిపోయాకే గడియ తీసింది. ఆయన గుమ్మంలో పడి ఉన్నాడు. పెదాలు పగిలి అట్టలు కట్టాయి. ఊపిరి లేదు. స్టూలు మీద గిన్నెలో నీళ్ళు తొణక్కుండా నిండుగా ఉన్నాయి.

ఆమె ముందు గదిలోకి వచ్చి, పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పాపకి చెమట పట్టింది. హాయిగా నిద్రపోతోంది. ఆమె మెడ తుడుచుకోబోయి ఆగింది.

పొద్దుటినుంచీ తల దువ్వుకునే తీరికే చిక్కలేదు. అలాంటిది, జుట్టంతా నున్నగా దువ్వి, బిగుతుగా జడ అల్లి ఉంది.

లేవబోయింది. లేవలేకపోయింది.

జడ కొసని వెనకాల ఎవరో పట్టుకుని ఉన్నారు.