పెద్దాయన వచ్చినాడు

"పద్నాలుగు మంది ఇన్ఫార్మర్ల పేర్లు. ఒక మైక్రోచిప్. రేపు సాయంత్రం నాలుగింటికి చేతులు మారుతుంది. అది సరిహద్దు దాటిందా, పద్నాలుగు శవాలు."

సుంగై పెటాని పట్టణంలో ఒక టైర్ల షాపు వెనక గది. చీఫ్ లెచ్చుమనన్ ఫైలు మూశాడు. ఎదురుగా ఏజెంట్ శంకర్.

"ఎక్కడ సార్?"

"గెరిక్ నుంచి జెలి పోయే హైవేలో, సరస్సు పక్కన క్యాంపింగ్ స్థలం. కొనేవాడు విదేశీ ముఠా నాయకుడు. కోడ్ నేమ్ కోబాల్ట్. వాడి ముఖం తెలిసింది తర్షిణికే. ముఠాలో మన మనిషి ఆమె. వాణ్ణి నీకు చూపిస్తుంది. నువ్వు కోడ్ మాట చెప్పు. దురియన్ పళ్ళ లారీలో మనవాళ్ళు ఆరుగురు ఉంటారు."

"నా కవర్?"

"కారుకి ఇల్లులాంటి ట్రైలర్ కట్టుకుని హాలిడేకి వచ్చిన కుటుంబం. ఒంటరి మగాడైతే అనుమానం వస్తుంది. బాగన్ దాతుక్‌లో నీ పిన్ని ఉందిగా?"

శంకర్ తల ఊపాడు. మరిడమ్మ పిన్ని అతన్ని పెంచింది. తోటలో కొబ్బరికాయలు ఒలిచి చదివించింది. "ఒక్కసారి ఆ కొండలు సూపించరా" అని పదేళ్ళుగా అడుగుతోంది. పదేళ్ళుగా అతనికి లీవు దొరకలేదు.

ఇప్పుడు దొరికింది.

"లీవు ఇచ్చినారా? మంచి బాసు లా!" కొత్త చీరలో కారెక్కుతూ పిన్ని మురిసిపోయింది. మాట చివర 'లా' తగిలించడం ఆ దేశపు అలవాటు. శంకర్ ఆమె ముఖం చూడలేక అద్దం సర్దుకున్నాడు.

గెరిక్ దాటాక రెండు పక్కలా అడవి. దారి పక్కన పసుపు బోర్డు మీద ఏనుగు బొమ్మ.

"పిన్నీ, ఇక్కడ ఏనుగు..."

భుజం మీద దెబ్బ పడింది. "అడవిలో పేరెత్తకు! ఎత్తితే వస్తాది. పెద్దాయన అనాల. సిన్నప్పుడు నేర్పలేదేటి?"

నేర్పింది. అందుకే చీఫ్ కోడ్ మాట అడిగినప్పుడు అతనికి అదే తట్టింది. 'పెద్దాయన వచ్చినాడు' అంటే, కోబాల్ట్ దొరికాడు, దాడి చేయండి. ఆమె ముచ్చటనే కాదు, ఆమె మాటను కూడా వాడుకుంటున్నాడు.

మూడింటికి సరస్సు పక్కన ట్రైలర్ ఆపి, మడత టేబుల్ వేశాడు. దాని మీద మైలో చాక్లెట్ పొడి డబ్బా పెట్టాడు. డబ్బా అడుగున మైక్, కాస్త దూరంలో ఆగిన దురియన్ లారీలో వాళ్ళకి వినిపించేందుకు.

"అది ముట్టుకోకు పిన్నీ."

"సెంచాడు మైలోకి ఇంత పిసినారితనమేట్రా?" నవ్వుతూనే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మూడూ యాభై అయిదు. ఎర్ర మోటార్‌బైక్. నల్ల లెదర్ జాకెట్. హెల్మెట్ తీసి, జుట్టు విదిలించి, తర్షిణి కుర్చీలో కూర్చుంది.

"అదిగో పికప్ ట్రక్. కోబాల్ట్."

శంకర్ తల తిప్పాడు. పక్కటెముకలకు తుపాకీ సైలెన్సర్ చల్లగా తగిలింది.

"చిప్ దొంగిలించింది నేనే శంకర్. నా లిప్‌స్టిక్‌లో ఉంది. కోడ్ మాట నీ నోటి నుంచి వచ్చిందా, ముందు ఆ ముసలామె, తర్వాత నువ్వు. మైక్ ఉన్న డబ్బా ఏది?"

శంకర్ టేబుల్ వైపు చూశాడు. డబ్బా లేదు. ట్రైలర్‌లోంచి చెంచా చప్పుడు వినిపించి, ఆగిపోయింది.

పికప్ ఆగింది. తెల్లజుట్టు మనిషి దిగి చేయి చాచాడు. తర్షిణి లిప్‌స్టిక్ తీసింది. పద్నాలుగు ప్రాణాలు. అరిస్తే తను పోతాడు, ఫర్వాలేదు. కానీ తనను నమ్మి, కొత్త చీర కట్టుకుని వచ్చిన మనిషి?

ట్రైలర్ తలుపు ధడేల్మంది. మైలో డబ్బా గుండెలకు హత్తుకుని పిన్ని కేక పెట్టింది.

"ఒరే శంకరా! పెద్దాయన వచ్చినాడురా! పెద్దాయన వచ్చినాడు!"

లారీ టార్పాలిన్ లేచింది. తర్షిణి అటు తిరిగిన క్షణంలో శంకర్ ఆమె మణికట్టు మీద కొట్టాడు. గుండు టేబుల్ మీది కెటిల్‌కి చిల్లు పెట్టింది. లిప్‌స్టిక్ శంకర్ గుప్పిట్లో పడింది. కోబాల్ట్ పికప్ వైపు పరుగెత్తి, సగంలో ఆగిపోయాడు. పికప్ పక్కన వెదురు తింటూ నిజం పెద్దాయన నిలబడి ఉన్నాడు.

ఆరు తుపాకులు చుట్టుముట్టాయి. తర్షిణి చేతులు పైకెత్తింది.

"ఈ ముసలామె కూడా ఏజెంటేనా?"

శంకర్ ఫోన్ తీశాడు.

ఫోన్‌లో చీఫ్ నవ్వాడు. "సిగ్నల్ బ్రహ్మాండం. గొంతు ఎలా మార్చావ్?"

"నేనివ్వలేదు సార్. ఆ మాట ఎవరిదో వాళ్ళే ఇచ్చారు. నాకు రెండు రోజులు లీవు కావాలి. ఈసారి నిజం లీవు."

"తుపాకులట్టుకు వచ్చినారు, ఎవర్రా వాళ్ళు?" పిన్ని అడిగింది.

"అటవీ శాఖ వాళ్ళు. పెద్దాయన కోసం." మరో అబద్ధం.

"నా ఒక్క కేకకే!"

ఆమె కప్పులో అయిదు చెంచాల మైలో వేసి, తల దించుకునే కలిపాడు శంకర్. పిన్ని ఒక గుక్క తాగింది.

"ఆ పిల్లని మాత్రం మళ్ళీ పిలవకు లా. పెద్దాయన ముందు రెండు సేతులూ పైకెత్తింది గానీ, దండం ఎట్టలేదు."