రెండు నైట్రోజన్ల పట్టు

ఉదయం తొమ్మిదింపావుకు వనపర్తిలో, కాలేజీ గేటు ముందే, నంబర్ ప్లేట్ లేని కారొకటి ప్రొఫెసర్ సుహాసిని స్కూటీని గుద్దేసి ఆగకుండా పోయింది. ఆమె ప్రాణం దక్కింది. స్పృహ తప్పేముందు హైదరాబాద్ నంబరొకదానికి ఫోన్ చేసి, "సీసా ల్యాబ్‌లో నా మనిషి దగ్గర భద్రంగా ఉంది. కోడ్ చెప్పినవాళ్లకే ఇస్తుంది" అని మాత్రం చెప్పగలిగింది.

పదింటికల్లా హైదరాబాద్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్ తన ఏజెంట్ ప్రేమ్ కుమార్‌ను పిలిపించాడు. సుహాసిని రాగితో ఓ కాంప్లెక్స్, అంటే కొత్తరకం సమ్మేళనం, తయారుచేసింది. దాని లిగాండ్‌లో, అంటే రాగిని పట్టి ఉంచే భాగంలో, రెండు నైట్రోజన్లుంటాయి. అవి పీత డెక్కల్లా రాగి పరమాణువును రెండు పక్కలా పట్టుకుంటాయి. ఆ పట్టువల్ల స్ఫటికంలో సన్నని సందులు ఏర్పడి, వాటిలో విషవాయువు చిక్కుకుపోతుంది. సైనికుల మాస్కుల్లో వాడితే వేల ప్రాణాలు నిలుస్తాయి. అందుకే ఓ విదేశీ ముఠా దానిమీద కన్నేసింది.

"ఉన్నది ఒక్కటే సీసా. ఎనిమిది నెలలు కదపకుండా పెంచిన స్ఫటికాలు. ద్రావణంలోంచి తీస్తే నిమిషంలో పొడైపోతాయి. ఎక్స్‌రే కింద పెట్టి లోపలి నిర్మాణం చూడటం ఇంకా మొదలే కాలేదు."

"కాంటాక్ట్ ఎవరు సార్?"

"పేరు తెలీదు. 'రాగిని ఎవరు పట్టుకున్నారు?' అని అడుగు. 'రెండు నైట్రోజన్లు' అనాలి."

మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రేమ్ కుమార్ ఢిల్లీ ఇన్‌స్పెక్షన్ ఆఫీసర్ వేషంలో, సూటూ టైతో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. లోపల ఇద్దరే ఉన్నారు. ఒకరు రెబెకా, ఎక్స్‌రే మెషిన్ కంపెనీ ఇంజినీర్. ఎర్ర జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, గదంతా సెంటు. అతని డిపార్ట్‌మెంట్‌కు చాటుగా సమాచారం అమ్ముతుందని అతనికి తెలుసు. రెండో మనిషి సింకు దగ్గర గాజుగొట్టాలు కడుగుతోంది. ఆమె తలెత్తింది.

మణెమ్మ. కన్నతల్లి. సొంతూరు తెలకపల్లి విడిచి ఇక్కడ పనికి కుదిరిందని అతనికి తెలీదు. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా ఫోన్ చేస్తే కదా తెలిసేది.

తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమె దగ్గరికొచ్చింది. "బిడ్డా..."

రెబెకా కళ్లద్దాలు పైకెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఎవరీమె? పనివాళ్లని బయటికి పంపండి," అన్నాడు ప్రేమ్ కుమార్.

మణెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "తప్పయింది సారు," అని బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. వేషం బయటపడకూడదనే అలా అన్నానని అతను తనకు తాను నచ్చజెప్పుకోబోయాడు. అబద్ధమాడటంలో ట్రైనింగ్ పొందినవాడికే ఆ అబద్ధం మింగుడుపడలేదు.

ఆ కంగారులోనే కోడ్ వాక్యం రెబెకాను అడిగేశాడు. ఆమె తడుముకోకుండా, "రెండు నైట్రోజన్లు," అంది నవ్వుతూ. సుహాసిని పని గురించి తెలిసిన కెమిస్ట్రీవాళ్లెవరైనా ఆ జవాబే చెబుతారని అతనికి తట్టలేదు. కాంటాక్ట్ అంటే ఇలాగే మెరిసిపోతూ ఉంటుందని అతనికి అతనే తీర్మానించుకున్నాడు.

రెబెకా ర్యాక్‌లోంచి నీలం ద్రావణమున్న సీసా తీసి, కుదుపులు తగలని పెట్టెలో పెట్టి, తన కారులోనే హైదరాబాద్ చేరుస్తానంది. అలవాటుకొద్దీ అతను పెట్టె అడుగున ట్రాకర్ అంటించాడు. పావుగంటకు వాచీ కుయ్‌మంది. కారు హైదరాబాద్ వైపు కాదు, గద్వాల వైపు పోతోంది.

గద్వాల స్టేషన్లో రైలు కదులుతుండగా ప్లాట్‌ఫాం చివర ఆమెను అందుకున్నాడు. బోగీ తలుపు దగ్గర ముఠా మనిషి చెయ్యి చాచి ఉన్నాడు. ప్రేమ్ కుమార్ పిస్టల్ ఎత్తాడు. రెబెకా పెట్టెలోంచి సీసా తీసి, మూత విప్పి వంచబోయింది.

"ఇంకో అడుగేస్తే పారబోస్తా. ఎనిమిది నెలలు నేలపాలు."

అతను పిస్టల్ దించబోయాడు. అప్పుడే సీసా మీద ఎండ పడింది. లేత ఆకాశనీలం, ఏటవాలు అంచుల స్ఫటికాలు. ఆ రంగు అతనికి పుస్తకాల్లో తెలిసింది కాదు. చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట వలసపోయి, ద్రాక్షతోటల్లో సున్నంతో కలిపి చల్లిన మైలుతుత్తం, ఉత్త కాపర్ సల్ఫేట్ అది. బడిలో ఎవరూ చూడకుండా జేబుల్లో దాచుకున్న వేళ్లకంటిన నీలం అది.

"పారబొయ్యండి మేడం," అన్నాడు.

రెబెకా మొదటిసారి తడబడింది. ఆ తడబాటులోనే ఆమె చేతికి బేడీలు పడ్డాయి. రైల్లోవాణ్ని తర్వాతి స్టేషన్లో పోలీసులు దించారు. మైలుతుత్తంతో ఇలా మాయచేయగల మనిషి ఆ ల్యాబ్‌లో ఎవరో అతనికి అర్థమైంది.

నాలుగున్నరకు వనపర్తిలో, గిన్నెలు కడిగే గది ముందు, ప్రేమ్ కుమార్ సూటుతోనే నేలమీద కూర్చున్నాడు. మణెమ్మ లేవమనలేదు. కూర్చోమనీ అనలేదు. సీసా అడిగితే, మేడం నేర్పిన మాట చెప్పనిది ఎవరికీ ఇయ్యనంది.

"రాగిని ఎవరు పట్టుకున్నరు?" అడిగాడతను.

"రెండు నైట్రోజన్లు." ఆమె తన బియ్యం డబ్బాలో నిటారుగా పాతిపెట్టిన సీసాను మెల్లగా తీసింది. లోపల సిరా రంగు స్ఫటికాలు చెక్కుచెదరలేదు. "ఆ ఎర్రచీరామె రెండు దినాలసంది ర్యాక్ చుట్టూతనే తిరుగుతుండె. అందుకే ఆడ మైలుతుత్తం పలుకులేసిన నీళ్లసీసా పెట్టిన. సర్కారు మనిషివి గద, నీకు చెప్దామనే వచ్చిన. నువ్వు పనిమీదున్నవు, ఎరుగనట్ల జేస్తున్నవ్ అనుకున్న."

"పని కాదమ్మా. సిగ్గుపడ్డ."

మణెమ్మ ఓ గాజుగొట్టం తీసి కడగసాగింది. "నాకు తెల్వదా?" అంది. కొడుకు వైపు మాత్రం చూడలేదు.

చీఫ్‌కు ఫోన్ కలిసింది. సీసా దొరికింది, కాంటాక్ట్ క్షేమం. కాంటాక్ట్ పేరేమిటని అడిగాడు చీఫ్.

"మణెమ్మ. మా అమ్మ సార్."

అవతల కీబోర్డు చప్పుడు. "నీ సర్వీస్ ఫైల్లో తల్లి చనిపోయిందని ఉందే?"

స్పీకర్ ఆన్‌లో ఉంది. మణెమ్మ చేతిలో గాజుగొట్టం ఆగిపోయింది.

"అది తప్పుడు సమాచారం సార్," అన్నాడు ప్రేమ్ కుమార్. "ఇచ్చినవాణ్ని పట్టుకున్నాను."