రెండో చెయ్యి

ఆ బట్టల మిల్లులో, మూలనున్న రోలర్ మెషిన్ దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా నిలబడరు. ఒకప్పుడు ఓ ఫిట్టరు దానిలో చెయ్యి పెట్టి బాగుచేస్తుంటే, అవతల ఎవరో చూసుకోకుండా స్విచ్ వేశారు. కుడిచెయ్యి పోయింది. తర్వాత మనిషీ పోయాడు.

అప్పట్నుంచీ అక్కడో పద్ధతి. స్విచ్ ఒక పక్క, రోలర్లు ఇంకో పక్క — ఒకరికొకరు కనబడరు. అందుకని ఆపరేటరు "చేతులు!" అని కేకేస్తాడు. ఫిట్టరు రెండు చేతులూ మెషిన్ పైకెత్తి చూపించాలి. అప్పుడే స్విచ్.

మా అమ్మాయి అక్కడే ఫిట్టరు. తను చెప్పిందే చెబుతున్నాను.

ఒక రాత్రి రోలర్ల మధ్య బట్ట ఇరుక్కుంది. మెషిన్ ఆపించి, చెయ్యి పెట్టి లాగింది. బిగిసున్న బట్ట ఒక్కసారి వదలడంతో రోలర్ వెనక్కి తిరిగింది... మణికట్టుదాకా పట్టేసింది.

ఎడమచేత్తో తోసింది. కదల్లేదు. అరుద్దామంటే నొప్పికి గొంతు పెగల్లేదు.

అవతల్నుంచి కేక. "చేతులు!"

ఎత్తకపోతే స్విచ్ వెయ్యడు. అదొక్కటే ధైర్యం. ఎడమచేత్తో రోలర్‌ని పట్టుకుని బిగుసుకుపోయింది.

"ఏం ఫిట్టరమ్మా... ఒక్కటే ఎత్తావు? రెండోది ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

తను ఏ చెయ్యీ ఎత్తలేదు.

పైకి చూడాలంటే భయం. పారిపోదామంటే చెయ్యి రాదు.

"నిన్నేనమ్మా..." నవ్వుతూ చుట్టూ తిరిగొచ్చాడు ఆపరేటరు. చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఇనపకడ్డీతో రోలర్‌ని ఎత్తి చెయ్యి బయటికి తీశాడు.

తర్వాత గుసగుసగా అడిగాడు. "మరి... ఎత్తిందెవరమ్మా?"

చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం వంగవు. ఆ లేచిన చెయ్యి పిల్లని కాపాడటానికొచ్చిందో, స్విచ్ వేయించడానికొచ్చిందో... నాకు తెలీదు.

కట్టు విప్పాక మళ్లీ పనికి పోతోంది. వద్దంటే వినదు. రాగానే గుమ్మంలో ఆపి "చేతులు!" అంటాను. "అబ్బా, నీ చాదస్తం!" అంటూ రెండూ ఎత్తుతుంది.

నిన్న చీకటి పడ్డాక కరెంటు పోయింది. గుమ్మంలో నీడ.

"చేతులు!" అన్నాను.

ఒక్కటే లేచింది.

"రెండోదీ ఎత్తవే..."

"ఎవరితోనమ్మా? నేను పెరటి వైపు నుంచి ఎప్పుడో వచ్చేశాగా!"

అమ్మాయి గొంతు. నా వెనక... వంటింట్లోంచి.